కక్షిదారుల గాంధీభాయి

గాంధీజీ అనగానే మనకు చేతికర్ర, గుండ్రని కళ్ళద్దాలు, చరఖా, దండి తీరంలో పిడికెడు ఉప్పు గుర్తుకొస్తాయి. ప్రతి ఏటా అక్టోబరు 2న మన విద్యాలయం గోడపత్రికల మీద ఈ బొమ్మలే గీస్తాం. కోటు వేసుకుని, బల్ల ముందు కూర్చుని, ఎదుటివారి కష్టం వింటూ కాగితం మీద రాసుకుంటున్న గాంధీజీ బొమ్మను మనలో ఎవరమూ గీయం. కాని ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు వకీలుగా పనిచేశారు. ఆయన దగ్గరికి వచ్చిన కక్షిదారుల్లో కోటీశ్వరులైన వర్తకులూ ఉన్నారు, ఒంటిమీద చిరిగిన చొక్కా తప్ప మరేమీ లేని కూలీలూ ఉన్నారు. పరాయి దేశంలో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య ఆయన వాళ్ళందరి నమ్మకాన్ని ఎలా సంపాదించారో ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నాం. రెండు మూడేళ్ళకోసారి ఊరు మారే మనలాంటి పిల్లలకు ఈ కథ దగ్గరగా ఉంటుందని మా నమ్మకం.

బిడియస్తుడైన బారిస్టరు

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో జన్మించారు. తండ్రి కరంచంద్ గాంధీ ఆ సంస్థానానికి దివాను. మోహన్‌దాస్‌కు సుమారు ఏడేళ్ళు ఉన్నప్పుడు తండ్రి ఉద్యోగం రాజ్‌కోట్‌కు మారింది. దాంతో ఇల్లూ బడీ కూడా మారాయి. ఒక విధంగా చూస్తే ఆయన కూడా మనలాగే బదిలీ ఉద్యోగి కొడుకే. ఆ పిల్లవాడికి బిడియం ఎక్కువ. బడి వదలగానే ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం రాకుండా ఇంటికి పరుగెత్తేవాడు. ఎవరైనా వెక్కిరిస్తారేమోనని భయం.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళి, 1891 జూన్‌లో బారిస్టరు అయ్యారు. పట్టా చేతికొచ్చింది కాని బిడియం మాత్రం పోలేదు. బొంబాయిలో ఆయనకు దొరికిన మొదటి కేసు చాలా చిన్నది. ఫీజు 30 రూపాయలు. కేసు తెచ్చిన దళారీకి కమీషన్ ఇవ్వాలని చాలామంది చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తీరా కోర్టులో సాక్షిని ప్రశ్నించడానికి లేచేసరికి తల తిరిగింది, నోరు పెగల్లేదు. ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయి, ఈ కేసు తనవల్ల కాదనీ, తీసుకున్న ఫీజు తిరిగి ఇచ్చేస్తాననీ, మరో వకీలును పెట్టుకోమనీ చెప్పేశారు. ఆ రోజు సిగ్గుతో కోర్టు నుంచి బయటికి వచ్చిన మనిషి, కక్షిదారు గెలిచిందో ఓడిందో కూడా తెలుసుకోకుండా వెళ్ళిపోయారు. తగినంత ధైర్యం వచ్చేదాకా మరో కేసు పట్టకూడదనుకున్నారు.

ఈ సంఘటనను చాలా పుస్తకాలు నవ్వు పుట్టించేలా చెబుతాయి. మాకు మాత్రం అందులో మరో సంగతి కనిపించింది. చేతకాని పనికి డబ్బు తీసుకుని ఏదో ఒకటి మాట్లాడేసి బయటపడే వీలు ఆయనకు ఉంది. అలా చేయలేదు. తన పరువు కన్నా ఆ కక్షిదారు కేసు ముఖ్యమనుకున్నారు.

బొంబాయిలో నిలదొక్కుకోలేక ఆయన రాజ్‌కోట్‌కు తిరిగి వచ్చారు. అక్కడ అర్జీలు, విజ్ఞాపనలు రాసిస్తూ నెలకు సగటున 300 రూపాయలు సంపాదించేవారు. అయితే అక్కడ కేసులు పంపే వకీళ్ళకు వాటా ఇవ్వక తప్పలేదు. అన్నగారి మాట కాదనలేక ఒప్పుకున్నారు కాని ఆ పని ఆయన మనసుకు పట్టలేదు. అలాంటి సమయంలో దక్షిణాఫ్రికా నుంచి ఒక అవకాశం వచ్చింది.

మొదటి నమ్మకం

పోర్‌బందర్ మూలాలున్న దాదా అబ్దుల్లా అనే పెద్ద వర్తకుడు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వ్యాపారం చేసేవారు. ప్రిటోరియాలో ఉన్న తన బంధువు తయ్యబ్ సేఠ్ మీద 40,000 పౌండ్ల దావా వేశారు. ఆ దావాలో తమ తరఫు వకీళ్ళకు సాయపడటానికి గుజరాతీ, ఇంగ్లీషు రెండూ తెలిసినవాడు కావాలి. ఏడాది పని, 105 పౌండ్ల జీతం, రానుపోను మొదటి తరగతి ప్రయాణం, తిండి, బస. 1893లో గాంధీజీ ఓడ ఎక్కారు.

డర్బన్‌లో దిగిన ఆయనను చూసి దాదా అబ్దుల్లా సంతోషించలేదు. సూటు బూటు వేసుకున్న ఈ కుర్రవాడిని పోషించడం ఖర్చుతో కూడిన వ్యవహారమనిపించింది. అంతకన్నా పెద్ద అనుమానం మరొకటి ఉంది. ప్రిటోరియాకు పంపితే ప్రతివాదులు అక్కడే ఉన్నారు. వాళ్ళు ఇతన్ని తమవైపు తిప్పుకుంటే ఏం చేయాలి? ఇతని నిజాయితీకి హామీ ఎవరు? ఆ అనుమానం తప్పు అనడానికి లేదు. కొత్తగా వచ్చినవాడిని వెంటనే నమ్మాలని రూలేమీ లేదు కదా.

గాంధీజీ నొచ్చుకోలేదు. తనను నమ్మమని అడగనూ లేదు. దావా మొత్తం లెక్కల మీద నడుస్తోందని గ్రహించారు. జమ, ఖర్చు, ప్రామిసరీ నోటు అంటే ఏమిటో ఆయనకు సరిగా తెలియదు. అందుకని జమాఖర్చుల పుస్తకం ఒకటి కొని, కూర్చుని చదివారు. ప్రిటోరియా వెళ్ళే దారిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో ఆయనను రైలు నుంచి దించేసిన సంగతి మనందరికీ తెలిసిందే. చలిలో ఆ రాత్రంతా స్టేషనులో కూర్చుని ఆలోచించినప్పుడు, స్వదేశానికి తిరిగి వెళ్ళిపోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. ఒప్పుకున్న పని పూర్తి చేయకుండా వెళ్ళడం పిరికితనమని ముందుకే సాగారు.

ప్రిటోరియాలో కాగితాలన్నీ చదివాక ఆయనకు రెండు విషయాలు స్పష్టమయ్యాయి. దాదా అబ్దుల్లా పక్షంలో బలం ఉంది. కాని దావా ఇలాగే సాగితే వకీళ్ళ ఫీజులే ఇద్దరినీ మింగేస్తాయి. ఇద్దరూ బంధువులు, ఒకే ఊరివాళ్ళు. ఆయన తయ్యబ్ సేఠ్‌ను కలిసి, మధ్యవర్తి తీర్పుకు ఒప్పుకోమని బతిమాలారు. తన కక్షిదారును కూడా ఒప్పించారు. చివరికి మధ్యవర్తి విచారణ జరిగి దాదా అబ్దుల్లా గెలిచారు. తయ్యబ్ సేఠ్ 37,000 పౌండ్లు, పైగా ఖర్చులు చెల్లించాలి.

పని అయిపోయిందని అనుకోవచ్చు. గాంధీజీకి తృప్తి కలగలేదు. అంత మొత్తం ఒక్కసారిగా కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీయాల్సిందే. అక్కడి పోర్‌బందర్ మేమన్ వర్తకులకు దివాలా కన్నా చావు నయం. అందుకని చాలా ఏళ్ళ వాయిదాల మీద చెల్లించేలా దాదా అబ్దుల్లాను ఒప్పించారు. ఇద్దరినీ మధ్యవర్తి దగ్గరికి తీసుకురావడం కన్నా, గెలిచినవాడిని ఈ వాయిదాలకు ఒప్పించడమే ఆయనకు ఎక్కువ కష్టమైంది. చివరికి ఇద్దరి పరువూ నిలిచింది. వకీలు చేయాల్సిన అసలు పని విడిపోయినవాళ్ళను కలపడమేనని ఆయనకు అప్పుడు తెలిసింది. తరువాతి కాలంలో వందల కేసులను ఇలాగే రాజీ చేశారు. దానివల్ల తనకు డబ్బు కూడా తగ్గలేదని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు.

ఏడాది కిందట ఆయన నిజాయితీని అనుమానించిన దాదా అబ్దుల్లాయే 1894లో ఆయన డర్బన్‌లో ఆగిపోవడానికి ముఖ్య కారకులలో ఒకరయ్యారు. భారతీయుల ఓటు హక్కు తీసివేసే బిల్లు నేటాల్ శాసనసభ ముందుకు రావడంతో అందరూ గాంధీజీని ఉండిపొమ్మని కోరారు. ప్రజాసేవకు డబ్బు తీసుకోనని ఆయన ఖండితంగా చెప్పారు. అప్పుడు సుమారు ఇరవైమంది వర్తకులు ఏడాదిపాటు తమ కోర్టు పనులు ఆయనకే ఇస్తామని ముందుకు వచ్చారు. ఇంటికి కావలసిన బల్లలు, కుర్చీలు దాదా అబ్దుల్లా కొనిచ్చారు.

తలపాగా

డర్బన్ వచ్చిన కొత్తలో కోర్టు చూడటానికి వెళితే, తలపాగా తీయమని మేజిస్ట్రేటు గాంధీజీని ఆదేశించారు. ఆయన తీయకుండా బయటికి వచ్చేశారు. మరుసటి ఏడాది నేటాల్ సుప్రీంకోర్టులో వకీలుగా ప్రమాణం చేసినప్పుడు మాత్రం కోర్టు నియమం ప్రకారం తీశారు. ముందున్న పెద్ద పోరాటాలకు బలం దాచుకోవాలనుకున్నారు. మిత్రులకు అది నచ్చలేదు. తలపాగా తీయించడమంటే ఎలా ఉంటుందో ఆయనకు స్వయంగా తెలుసు. తరువాత జరిగింది అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో నేటాల్ చెరకు తోటల్లో పనిచేయడానికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళేవారు. మొదటి ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తరువాత మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్ళు కూడా వేలమంది వెళ్ళారు. దక్షిణాఫ్రికాలో నాయుడు అనే ఇంటిపేరు నేటికీ వినిపిస్తుంది. ఒప్పందంలో ఉన్న కూలీ యజమానిని వదిలి వెళితే అది నేరం. జైలులో పెట్టేవారు.

గాంధీజీ ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకు, ఒక తమిళ కూలీ ఆయన ఆఫీసుకు వచ్చాడు. పేరు బాలసుందరం. బట్టలు చినిగి ఉన్నాయి. ముందుపళ్ళు రెండు విరిగి, నోటి నుంచి రక్తం కారుతోంది. యజమాని కొట్టాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, వణుకుతూ ఏడుస్తూ నిలబడ్డాడు. గాంధీజీకి తమిళం రాదు. ఆఫీసులోని తమిళ గుమస్తా ఆయనకు తెలియజెప్పాడు.

గాంధీజీ అతన్ని ముందుగా డాక్టరు దగ్గరికి పంపారు. గాయాలకు సర్టిఫికెట్ తీసుకుని, నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకువెళ్ళారు. మేజిస్ట్రేటుకు కోపం వచ్చి యజమానికి సమన్లు పంపారు. అయితే యజమానికి శిక్ష వేయించడం గాంధీజీ ఉద్దేశం కాదు. బాలసుందరానికి ఏం కావాలని ఆలోచించారు. అతనికి ఆ ఇంటి నుంచి విముక్తి కావాలి. యజమాని జైలుకు వెళ్ళినా, చట్టం ప్రకారం బాలసుందరం ఒప్పందం అతనితోనే ఉండిపోవచ్చు. అందుకని ఒప్పందాన్ని మరొకరి పేరు మీదికి మార్చడానికి యజమానిని ఒప్పించి, తనకు తెలిసిన మరో యూరోపియన్‌ను కొత్త యజమానిగా చూసిపెట్టారు.

ఇక తలగుడ్డ సంగతి. తెల్లవారి ముందుకు వెళ్ళేటప్పుడు కూలీలు తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకోవాలని వాళ్ళకు అలవాటు చేసేశారు. రెండు చేతులతో దండం పెట్టినా చాలదు. బాలసుందరం ఆ అలవాటుతోనే గాంధీజీ ముందు కూడా తలగుడ్డ తీశాడు. గాంధీజీ దాన్ని మళ్ళీ చుట్టుకోమన్నారు. అతను కొంచెం తటపటాయించి చుట్టుకున్నాడు. అతని మొహంలో సంతోషం కనిపించిందని గాంధీజీ రాశారు.

ఈ వార్త నేటాల్ కూలీలందరికీ పాకింది. తమ పక్షాన వాదించేవాడు, తమను మనుషులుగా చూసేవాడు ఒకడున్నాడని వాళ్ళకు తెలిసింది. మద్రాసు దాకా కూడా ఆ కబురు చేరింది. 1896లో గాంధీజీ మద్రాసు వచ్చినప్పుడు జనం ఆయనను చూడటానికి విరగబడ్డారు. దానికి బాలసుందరం కేసే కారణమని ఆయన అనుకున్నారు. దక్షిణాది కూలీలకు దగ్గర కావాలని ఆయన తమిళం నేర్చుకోవడానికి పూనుకున్నారు, దక్షిణాఫ్రికా జైళ్ళలో కూడా చదివారు. తమిళం, తెలుగు రాకపోవడం తనకు ఎంత లోటో ఆయనకు జీవితమంతా అనిపించింది.

లెక్కలో తప్పు

1901లో ఆయన స్వదేశానికి బయలుదేరినప్పుడు ప్రజలు, కక్షిదారులు బంగారం, వెండి, వజ్రాల బహుమతులు ఇచ్చారు. కస్తూర్బా కోసం 50 గినీల విలువైన హారం కూడా ఉంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. సేవకు ధర కట్టినట్టే కదా అనిపించింది. కోడళ్ళకు పనికొస్తుందని కస్తూర్బా వాదించినా, చివరికి అవన్నీ ఒక ట్రస్టుకు అప్పగించారు. ఆ ధర్మకర్తల్లో ఒకరు పార్సీ రుస్తుంజీ. ఆయన గురించి తరువాత చెబుతాం.

మళ్ళీ దక్షిణాఫ్రికా వెళ్ళి, 1903లో జొహానెస్‌బర్గ్‌లో ఆఫీసు తెరిచారు. కొత్తగా వచ్చిన ప్రతి కక్షిదారుకు ముందే ఒక మాట చెప్పేవారు. అబద్ధపు కేసు తన దగ్గరికి తేకూడదు, సాక్షులకు పాఠాలు చెప్పమని అడగకూడదు. తనకు తెలియని చట్ట విషయం ఎదురైతే తెలియదని చెప్పి, సీనియరు వకీలు దగ్గరికి వెళదామనేవారు. దీనివల్ల కక్షిదారులు పోతారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. కొందరు తమ నిక్కమైన కేసులు ఆయనకిచ్చి, అనుమానపు కేసులు వేరేవాళ్ళకు ఇచ్చేవారు.

ఒకసారి పెద్ద లెక్కల దావాలో మధ్యవర్తుల తీర్పు ఆయన కక్షిదారుకు అనుకూలంగా వచ్చింది. అయితే ఆ లెక్కలో ఒక పద్దు ఉండాల్సిన వైపు కాక రెండో వైపు పడింది. ఎదుటి పక్షం ఆ తప్పు చూడలేదు. మొత్తం చిన్నదే, కాని బయటపెడితే తీర్పంతా కొట్టేసే ప్రమాదం ఉంది. సీనియరు వకీలు తప్పు ఒప్పుకోవద్దన్నారు. ఒప్పుకుంటే తాను వాదించనన్నారు. గాంధీజీ కక్షిదారుతో మాట్లాడారు. కక్షిదారు కాసేపు ఆలోచించి, ఓడిపోతే ఓడిపోదాం, మీరే వాదించండి అన్న అర్థంలో ఒప్పుకున్నారు. ఇక్కడ ధైర్యం వకీలుది ఒక్కడిదే కాదు, ఆ కక్షిదారుది కూడా. కోర్టులో తప్పు ప్రస్తావన రాగానే, ఇదేదో మోసమని న్యాయమూర్తులు మొదట అనుమానించారు. గాంధీజీ ఓపికగా వివరించారు. చివరికి తప్పు ఉన్నంత మేరకు లెక్క సరిదిద్ది, తీర్పును అలాగే నిలబెట్టారు.

మరోసారి జొహానెస్‌బర్గ్ మేజిస్ట్రేటు ముందు కేసు నడుస్తుండగా, తన కక్షిదారు తనతో అబద్ధం చెప్పాడని ఆయనకు తెలిసింది. అక్కడికక్కడే కేసు కొట్టేయమని మేజిస్ట్రేటును కోరారు. ఎదుటి వకీలు నివ్వెరపోయాడు. కక్షిదారును గాంధీజీ మందలించారు. అతను తన తప్పు ఒప్పుకున్నాడు, కోపగించుకోలేదు.

నేల కింద దాచిన డబ్బు

జొహానెస్‌బర్గ్‌లో భారతీయులు నివసించే పేట ఒకటి ఉండేది. ఇరుకు, మురికి. మునిసిపాలిటీ దాన్ని బాగుచేయడానికి బదులు, స్థలాలు స్వాధీనం చేసుకుని జనాన్ని ఖాళీ చేయించాలనుకుంది. అక్కడివాళ్ళకు 99 ఏళ్ళ కౌలు హక్కులున్నాయి. నష్టపరిహారం కోసం వాదించాలి. ఎక్కువమంది గాంధీజీనే వకీలుగా పెట్టుకున్నారు. గెలిచినా ఓడినా ఒక్కో కౌలుకు 10 పౌండ్ల ఫీజు, దానికితోడు ట్రిబ్యునలు ఇప్పించే ఖర్చులు. అంతకుమించి వద్దన్నారు. అందులో సగం పేదల ఆసుపత్రి వంటి పనికి పక్కన పెడతానని కూడా ముందే చెప్పారు. సుమారు 70 కేసుల్లో ఒక్కటి తప్ప అన్నీ గెలిచారు. ఆ కక్షిదారులు చాలావరకు ఒప్పందం ముగిసిన ఉత్తరాది, దక్షిణాది కూలీలు. ఆయనను సాహెబ్ అనో, బాబూ అనో పిలవలేదు. భాయి అని పిలిచారు. అంటే అన్న.

1904లో అక్కడ ప్లేగు వచ్చింది. గాంధీజీకి కబురు అందగానే సైకిలు మీద వెళ్ళారు. అప్పటికే 23 మంది రోగులను తాళం పగలగొట్టిన ఒక ఖాళీ ఇంట్లో చేర్చి ఉన్నారు. ఆఫీసులోని నలుగురు గుమస్తాలూ ఆయనతోపాటు సేవకు వచ్చారు. రోగుల్లో చాలామంది బతకలేదు. కేసు గెలిపించిన వకీలు, రోగం వచ్చినప్పుడు పడక పక్కన కూర్చున్నాడు. పేట జనం అది చూశారు.

ఆ పేటను ఖాళీ చేయించి తగలబెట్టాలని మునిసిపాలిటీ నిర్ణయించింది. అందరినీ ఊరికి దూరంగా ఉన్న మైదానంలో గుడారాల్లోకి తరలించాలి. అప్పుడొక చిక్కు వచ్చింది. ఆ పేదలకు బ్యాంకులు తెలియవు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన రాగి, వెండి నాణేలు నేలలో పాతిపెట్టుకున్నారు. ఇల్లు తగలబెడితే ఆ సొమ్ము ఏం కావాలి? ఎవరి చేతిలో పెట్టాలి?

తవ్వి తీసి, తెచ్చి గాంధీజీ చేతిలో పోశారు. ఆయనకు తెలిసిన బ్యాంకు మేనేజరు ఆ నాణేలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ప్లేగు పేట నుంచి వచ్చిన నాణేలను క్రిమిసంహారక మందుతో కడిగి జమ చేశారు. ఆ విధంగా ఆయన దగ్గర చేరిన మొత్తం దాదాపు 60,000 పౌండ్లు. ఆయన జీవితంలో మొదట దాదా అబ్దుల్లా దగ్గర విన్న దావా మొత్తం 40,000 పౌండ్లని గుర్తుచేసుకోండి. ఆ దావాకు పుస్తకాలు, నోట్లు, వకీళ్ళు, కోర్టు ఉన్నాయి. ఈ 60,000 పౌండ్లకు మనిషి మీద గురి తప్ప మరేమీ లేదు.

అలా అని గాంధీజీ డబ్బు విషయంలో ఎప్పుడూ తప్పు చేయలేదని చెప్పలేం. జొహానెస్‌బర్గ్‌లో శాకాహార హోటలు నడుపుతున్న ఒక పరిచయస్థురాలికి డబ్బు అవసరమైంది. తన దగ్గర సొమ్ము దాచుకున్న బద్రీ అనే కక్షిదారును అడిగి, ఆయన సరేనన్నాక 1,000 పౌండ్లు అప్పుగా ఇప్పించారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. గాంధీజీ మీద గురితో బద్రీ మారుమాట లేకుండా ఇచ్చారు కాబట్టి, ఆ నష్టం తనదేనని గాంధీజీ భావించారు. మొత్తం తన సొంత డబ్బుతో తీర్చారు. నమ్మి ఇచ్చిన సొమ్మును మనకు నచ్చిన మంచి పనికి కూడా వాడకూడదని ఆయన ఆ దెబ్బతో నేర్చుకున్నారు.

రుస్తుంజీ గోడమీద కాగితం

1897 జనవరి 13న డర్బన్ రేవులో దిగిన గాంధీజీ మీద తెల్లవారి గుంపు దాడి చేసింది. ఆ రోజు ఆయన తలదాచుకున్నది పార్సీ రుస్తుంజీ ఇంట్లో. గుంపు ఇంటిని చుట్టుముట్టినా రుస్తుంజీ బెదరలేదు. ఆయన డర్బన్‌లో పెద్ద వర్తకుడు. గాంధీజీకి కక్షిదారు, మిత్రుడు, సహచరుడు కూడా.

ఆ రుస్తుంజీ ఒకరోజు గాంధీజీ దగ్గరికి వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. బొంబాయి, కలకత్తాల నుంచి సరుకు తెప్పించేటప్పుడు అప్పుడప్పుడు సుంకం ఎగ్గొట్టేవారు. ఈ సంగతి గాంధీజీ దగ్గర దాచారు. ఇప్పుడు దొరికిపోయారు. జైలు తప్పదు, పరువు పోతుంది.

గాంధీజీకి ఇది చాలా కష్టమైన పరీక్ష. ప్రాణం కాపాడిన స్నేహితుడు. తప్పు మాత్రం తప్పే. దాచిపెట్టి కాపాడటం తన పద్ధతి కాదని చెప్పారు. కస్టమ్స్ అధికారి దగ్గరికీ, అటార్నీ జనరల్ దగ్గరికీ వెళ్ళి ఉన్నదంతా ఒప్పుకోవాలనీ, పట్టుబడినదే కాక పట్టుబడనిది కూడా చెప్పాలనీ, వాళ్ళు వేసే జరిమానా కట్టాలనీ సలహా ఇచ్చారు. జైలుకు వెళ్ళాల్సివస్తే వెళ్ళాలి. సిగ్గుపడాల్సింది జైలుకు కాదు, చేసిన పనికి. రుస్తుంజీ ధైర్యవంతుడే, అయినా ఒక్క క్షణం తల్లడిల్లారు. చివరికి తనను గాంధీజీ చేతుల్లో పెట్టేశారు.

గాంధీజీ ఇద్దరు అధికారులనూ కలిసి, పుస్తకాలన్నీ వాళ్ళ ముందు పెడతామన్నారు. ఏదీ దాచడం లేదని వాళ్ళకు నమ్మకం కలిగింది. ఎగ్గొట్టానని రుస్తుంజీ ఒప్పుకున్న మొత్తానికి రెట్టింపు జరిమానాతో కేసు రాజీ అయింది. రుస్తుంజీ ఆ వృత్తాంతమంతా ఒక కాగితం మీద రాయించి, అద్దం బిగించి, తన ఆఫీసు గోడకు తగిలించారు. తన వారసులూ తోటి వర్తకులూ రోజూ చూసి జాగ్రత్తపడాలని ఆయన ఉద్దేశం.

ఈ నమ్మకం ఎంత దూరం వెళ్ళిందో తరువాతి చరిత్ర చెబుతుంది. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ సభలో అన్యాయపు చట్టానికి లోబడబోమని భారతీయులు ప్రమాణం చేశారు. సత్యాగ్రహంలో గాంధీజీ వెంట నిలిచినవాళ్ళలో ఆయన కక్షిదారులు ఎందరో ఉన్నారు. రుస్తుంజీ, బద్రీ ఆ పోరాటంలో పాల్గొన్నారు. 1913లో 3 పౌండ్ల తలపన్నుకు వ్యతిరేకంగా నేటాల్ గనుల కూలీలు, తోటల కూలీలు వేల సంఖ్యలో పని మానేశారు. బాలసుందరం లాంటి మనుషులే వాళ్ళంతా. 1914లో ఆ పన్ను రద్దయింది. ఆ ఏడాదే గాంధీజీ దక్షిణాఫ్రికా విడిచి వచ్చేశారు. అప్పటికే వకీలు వృత్తిని వదిలేశారు. 1922లో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ ఆయన పేరును బారిస్టర్ల జాబితా నుంచి కొట్టేసింది. ఆయన 1948 జనవరి 30న మరణించిన నలభై ఏళ్ళకు, 1988లో, ఆ పేరును మళ్ళీ చేర్చింది.

మన ఇళ్ళలో బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా కొత్త ఊరు, కొత్త బడి. అక్కడ మన పాత మార్కులు, పాత స్నేహాలు ఎవరికీ తెలియవు. గాంధీజీ డర్బన్‌లో దిగినప్పుడు ఆయన గురించి కూడా ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ ఆయన చేసినవన్నీ చిన్న పనులే. తెలియని జమాఖర్చులు కూర్చుని నేర్చుకున్నారు. చేతకానిది చేతకాదన్నారు. గుమస్తా చేత అడిగించి మరీ కూలీ కష్టం విన్నారు. ఎదుటివారి లెక్కలోని తప్పును కూడా తన తప్పులాగే చూశారు. కొత్త తరగతిలో మన పక్కన కూర్చున్నవారి పేరు సరిగ్గా పలకడం, వాళ్ళ భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం, తీసుకున్న నోటుబుక్కు చెప్పిన రోజున తిరిగి ఇవ్వడం మనవల్ల అయ్యే పనులే. ఈ ఏడాది బదిలీ అయి వెళ్ళబోయే మిత్రులందరూ కొత్త బడిలో మొదటి రోజునే వీటితో మొదలుపెట్టాలని మా కోరిక.